ముందు మన పద్దులు చూడు

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ విచారణ (మీ గుడి పరిధిలోని కతోలిక విశ్వాసుల సంఘం) గురువులు, అంటే ఫాదర్‌గారు, న్యాయ శాంతి కమిటీ బాధ్యత నీకు అప్పగించారని చదివి సంతోషించాను. ఆ కింద నువ్వు రాసిన చిట్టా చూసి కాస్త కంగారు కూడా పడ్డాను. వలస వచ్చినవాళ్లు, వాతావరణ మార్పు, గర్భస్రావం, మరణశిక్ష, యాప్‌ల కింద పనిచేసేవాళ్ల బతుకులు, కృత్రిమ మేధ, యుద్ధాలు. ఇవన్నీ ఏడాదిలో మాట్లాడేయాలన్నావు. మాట్లాడొచ్చు, మాటలకేం. కానీ మొదటి సమావేశం జరక్కముందే వాట్సాప్ గ్రూపు రెండు వర్గాలైందని, కొందరు అలిగి బయటికి వెళ్లిపోయారని కూడా నువ్వే రాశావు. ముందు ఆ సంగతి తేలాలి. ఏ అంశంతో మొదలుపెట్టాలన్న నీ ప్రశ్నకు తర్వాత వస్తాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లలో చాలామంది అభిప్రాయం ముందే తెచ్చుకుంటారు. తర్వాత దానికి సరిపోయే మాట కోసం పోపుగార్ల లేఖలు తిరగేస్తారు. దొరక్కుండా ఎలా ఉంటుంది? 1891 మే 15న పదమూడవ లియో పోపుగారు ‘రేరుమ్ నొవారుమ్’ రాశారు. ఫ్యాక్టరీల కాలంలో కార్మికుల దుస్థితి గురించి శ్రీసభ, అంటే మన కతోలిక సభ, పూర్తిస్థాయిలో నోరు విప్పిన మొదటి విశ్వలేఖ (పోపుగారు విశ్వాసులందరికీ రాసే లేఖ) అదే. అందులో ఆస్తి హక్కును గట్టిగా సమర్థించారు, సోషలిజం దారి తప్పన్నారు. కార్మికులు సంఘాలు పెట్టుకోవడం సహజ హక్కని, దాన్ని ప్రభుత్వం అడ్డుకోకూడదని కూడా అందులోనే చెప్పారు. వ్యాపారం చేసేవాళ్లు మొదటి మాట చదివి పుస్తకం మూసేస్తారు, యూనియన్‌వాళ్లు రెండో మాట దగ్గర తెరుస్తారు. మీ గ్రూపులో జరిగిన గొడవ కూడా ఇలాంటిదేనని నా అనుమానం.

వలసల విషయమే చూడు. శ్రీసభ బోధనను ఒకచోట కూర్చిన సత్యోపదేశ గ్రంథంలో 2241వ పేరా ఉంది. బతుకుతెరువు కోసం, భద్రత కోసం వచ్చే పరదేశిని సంపన్న దేశాలు తమ శక్తి కొద్దీ ఆదరించి తీరాలంటుంది. సమష్టి మేలు కోసం ప్రభుత్వాలు ఆ రాకకు చట్టపరమైన షరతులు పెట్టొచ్చని, వచ్చినవాళ్లు ఆ దేశ చట్టాలను గౌరవించాలని ఆ పేరాలోనే ఉంది. మీవాళ్లలో ఒక వర్గం మొదటి సగం ఫార్వర్డ్ చేస్తుంది, రెండో వర్గం తక్కిన సగం. నువ్వు పేరా మొత్తం పైకి చదివించు. చదివాక కూడా వాదన ఉంటుంది, ఉండనీ. కానీ అప్పుడు వాదన “మన శక్తి ఎంత” అనే చోటికి వస్తుంది. అది పనికొచ్చే వాదన.

ఇక నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన సంగతి. న్యాయం గురించి శ్రీసభ చేసే ఈ బోధనను బయటివాళ్ల మీదికి గురిపెట్టే ముందు మన గుమ్మంలోనే చదవాలి. ఇది నా సొంత తెలివి కాదు. 1971లో మేత్రాణుల (బిషప్పుల) సభ అయిన సినడ్ ‘లోకంలో న్యాయం’ అన్న పత్రంలో ఈ మాట చెప్పింది: న్యాయం గురించి జనానికి చెప్పే సాహసం చేసేవాళ్లు ముందు జనం కంటికి న్యాయంగా కనిపించాలి. ఆ వెంటనే శ్రీసభ కింద పనిచేసేవాళ్ల జీతాల ఊసెత్తింది, వాళ్లకు బతకడానికి చాలినంత ఇవ్వాలంది. పోస్టర్ల మీద వేయడానికి ఆ పత్రంలోంచి ‘న్యాయం కోసం పాటుపడడం సువార్త ప్రకటనలో విడదీయరాని భాగం’ అన్న వాక్యాన్నే తీసుకుంటారు. జీతాల వాక్యం ఏ పోస్టర్ మీదా నాకు కనపడలేదు.

నేను విచారణ ఆర్థిక సంఘంలో ఉన్న రోజుల్లో గుడి శుభ్రం చేసే ఆవిడ జీతం ఒకసారి చర్చకు వచ్చింది. పెంచాలని ఎవరూ అడగలేదు. పద్దులు చూస్తుంటే దొర్లింది, అంతే. “ఆవిడ ఒప్పుకునే చేరింది కదా” అన్నారొకరు. మా లెక్కలు చూసే పెద్దాయన మితభాషి. సత్యోపదేశ గ్రంథం తీసి 2434వ పేరా చదివారు. జీతం మొత్తం విషయంలో ఇరుపక్షాలూ ఒప్పుకున్నంత మాత్రాన అది నైతికంగా సరైనదైపోదు అని అక్కడ ఉంది. లియో పోపుగారు 1891లోనే అన్నమాట ఇది: గతిలేక, ఇంతకంటే ఘోరం జరుగుతుందన్న భయంతో మనిషి తక్కువ కూలికి ఒప్పుకుంటే అతను బలవంతానికీ అన్యాయానికీ గురైనట్టే.

“సరే, డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి?” అన్నారు ఇంకొకరు. అది దొంగ ప్రశ్న కాదు. సంస్థ పరిస్థితిని కూడా లెక్కలోకి తీసుకోమని ఆ పేరానే చెబుతోంది. అందుకని పద్దుల పుస్తకం మొదటి నుంచీ చూశాం. ‘పేదలకు సహాయం’ అన్న పద్దు కింద క్రిస్మస్‌కి ఆవిడకు కొన్న బట్టల ఖర్చు, ఆవిడ జబ్బుపడినప్పుడు కొన్న మందుల ఖర్చు రాసి ఉన్నాయి. మన దగ్గర పనిచేసే మనిషి మన దానాల లెక్కలో ఎందుకు ఉందని పెద్దాయన అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు.

మేత్రాణులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ గృహస్థుల (గురువులు కాని విశ్వాసుల) కోసం 1965లో వెలువరించిన పత్రంలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబుంది. న్యాయంగా చెల్లించాల్సినదాన్ని దానంగా ఇవ్వకూడదు, ముందు న్యాయం బాకీ తీర్చాలి అంటుంది. ఆ ఏడాది గుడి ముందు లైట్ల పని వాయిదా వేసి, ఆవిడ జీతం రెండు విడతల్లో పెంచాం. వారానికో సెలవు కాగితం మీద రాసిచ్చాం. ‘పేదలకు సహాయం’ పద్దులోంచి ఆవిడ పేరు పోయింది. అక్కడ ఉన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు నాన్నా. ఆవిడ మీద అందరికీ జాలి ఉంది. ఆ జాలే అడ్డం వచ్చింది.

కాబట్టి మొదటి అంశం ఏమిటంటే నా జవాబు ఇదే: కూలి. మీ విచారణలో, బడిలో, హాస్టల్లో, కమిటీ సభ్యుల ఇళ్లలో పనిచేసేవాళ్ల కూలి. ఇది వాతావరణ మార్పు కంటే చిన్న విషయమని నీ ఈడు వాళ్లకు అనిపిస్తుంది. బైబిలుకు అలా అనిపించలేదు. కూలివాడి కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వమంది ద్వితీయోపదేశ కాండం, పేదవాడు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెప్పింది. ఎగ్గొట్టిన కూలి కేకలు పెడుతోందని, ఆ కేకలు ప్రభువు చెవిన పడ్డాయని యాకోబు రాశాడు. పరలోకానికి మొరపెట్టే పాపాల్లో కూలివాడికి చేసే అన్యాయాన్ని శ్రీసభ లెక్కపెడుతుంది. అన్యాయపు కూలి ఇవ్వడం ‘దొంగిలరాదు’ అన్న ఏడవ ఆజ్ఞ కిందికి వస్తుందని సత్యోపదేశ గ్రంథం పేరు పెట్టి మరీ చెబుతుంది. పాపసంకీర్తనానికి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, సిద్ధపడేటప్పుడు ఏడవ ఆజ్ఞ దగ్గర మనలో ఎంతమంది పనిమనిషి జీతం గురించి ఆలోచిస్తాం, చెప్పు.

అక్కణ్ణుంచి నీ చిట్టాలోని యాప్‌ల విషయానికి దారి తనంతట తనే దొరుకుతుంది. “మేం యజమానులం కాము, వేదిక మాత్రమే” అని కంపెనీలు అంటున్నాయని రాశావు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు రాసిన ‘లబోరెమ్ ఎక్సెర్చెన్స్’ తీసి ‘పరోక్ష యజమాని’ అన్న భాగం చదువు. కార్మికుడితో ఒప్పందం రాసుకున్నవాడు ప్రత్యక్ష యజమాని. ఆ ఒప్పందం అలా ఉండడానికి కారణమైన చట్టాలు, సంస్థలు, అంతర్జాతీయ వ్యాపార లెక్కలు పరోక్ష యజమాని, బాధ్యత వాటికీ ఉంటుందన్నారు ఆయన. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు లేవు. అయినా ఈ ఆలోచన యాప్‌లకు చక్కగా సరిపోతుంది. ఎవరికి ఎంత పని, ఎంత రేటు, ఎవరి ఖాతా ఆపేయాలి అన్నది నిర్ణయించేవాడు తనకు బాధ్యత లేదంటే కుదరదు. ఆర్డర్ ఆలస్యమైందని ఒక్క స్టార్ ఇచ్చే మనకు కూడా ఆ గొలుసులో కాస్త వాటా ఉంది. ఇది నా పొడిగింపు, పోపుగారి మాట కాదు. ఏది బోధన, ఏది దాని నుంచి నువ్వు తీసిన అర్థం అన్నది ఎప్పుడూ ఇలా విడదీసి చెప్పు.

ఈ విడదీయడం దగ్గరే నీ గ్రూపు విడిపోయింది కనక దీని మీద ఇంకొంచెం రాస్తాను. కొన్ని పనులు ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి. నిరపరాధి ప్రాణాన్ని కావాలని తీయడం అలాంటిది, కడుపులో ఉన్న బిడ్డ విషయంలో కూడా. కొన్ని కచ్చితంగా చేయాల్సినవే, కానీ ఏ దారిలో చేయాలన్నది అంచనా. పేదవాడికి వైద్యం అందాలన్నది బోధన. అది ఏ పథకం ద్వారా, ఏ పన్నుతో అన్నది అంచనా. అంచనాల్లో విశ్వాసులు నిజాయితీగానే విభేదించవచ్చు. ఆ సందర్భాల్లో ఎవరూ శ్రీసభ అధికారం తన అభిప్రాయానికే చెందుతుందని అనుకోకూడదని రెండవ వాటికన్ మహాసభ పత్రం ‘గౌదియుమ్ ఎత్ స్పెస్’ 43వ పేరా చెబుతుంది. గ్రూపులో పిన్ చేసి పెట్టదగిన మాట. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, కొందరికి ఈ ‘అంచనా’ తప్పించుకునే దారి అవుతుంది. “అది విధానాల విషయం” అనేసి చేతులు కట్టుకుని కూర్చుంటారు. నీ దారి వేరైతే ఆ దారేదో చెప్పు, అందులో నడుస్తున్నావా అని వాళ్లను మర్యాదగా అడుగు.

గర్భస్రావం గురించి మాట్లాడేవాళ్లు, పేదరికం గురించి మాట్లాడేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదన్నావు. ‘గౌదియుమ్ ఎత్ స్పెస్’లోనే 27వ పేరాను ఇద్దరి చేతా కలిపి చదివించు. హత్య, జాతి సంహారం, గర్భస్రావం, కారుణ్య మరణం, చిత్రహింసలు, మనుషులు ఉండలేని బతుకు పరిస్థితులు, అక్రమ నిర్బంధం, దేశబహిష్కారం, బానిసత్వం, ఆడవాళ్లను పిల్లలను అమ్మడం, మనుషుల్ని లాభాల కోసం పనిముట్లుగా వాడుకునే పని పరిస్థితులు, అన్నీ ఒకే జాబితాలో ఉన్నాయి. అన్నిటి బరువూ ఒకటే అని దాని అర్థం కాదు. ప్రాణమే పోయాక మిగతా హక్కులకు ఆధారం ఉండదు కదా. కానీ ఆ జాబితాలో తనకు నచ్చని వరుసలు కొట్టేసే హక్కు ఎవరికీ లేదు. మరణశిక్ష సంగతి 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు తేల్చేశారు. మనిషి గౌరవం మీద దాడి కనుక అది అంగీకారయోగ్యం కాదని సత్యోపదేశ గ్రంథంలో 2267వ పేరా మార్పించారు. నేరస్థుడి మీద కోపం ఉన్నవాళ్లకు ఇది మింగుడు పడదు. బాధితుల కుటుంబం గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఈ పేరా ఒక్కటే చదివితే అసలు పడదు.

సమావేశం ఎలా నడపాలి అన్నావు. బెల్జియం గురువు జోసెఫ్ కార్డైన్ యువ కార్మికుల మధ్య పనిచేస్తూ నేర్పిన పద్ధతి ఉంది: చూడు, బేరీజు వెయ్యి, చెయ్యి. 1961లో 23వ జాన్ పోపుగారు దాన్ని విశ్వలేఖలోకే ఎక్కించారు. మనవాళ్లందరికీ ఈ మూడు మాటలూ నోటికి వచ్చు. చూడ్డం మాత్రం పది నిమిషాల్లో కానిచ్చేసి బేరీజు వేయడానికి కూర్చుంటారు. పోస్టర్ మీద ఆర్చ్‌బిషప్ రోమేరో ఫోటో వేస్తానన్నావుగా. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్‌లో ఆయన ఆదివారం ప్రసంగాల్లో ఆ వారం చంపబడ్డవాళ్ల గురించి, మాయమైపోయినవాళ్ల గురించి చెప్పేవారు. రేడియోలో దేశమంతా వినేది. ఆ వివరాలు ఊరికే రాలేదు. బాధిత కుటుంబాలు చెప్పినవి విని రాసుకోవడానికి ఆయన ఆర్చ్‌డయసిస్‌లో (ఆర్చ్‌బిషప్ పరిధిలో) న్యాయ సహాయ కార్యాలయమే పనిచేసేది. 1980 మార్చి 24న పూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు, ఆ సంగతి అందరికీ తెలుసు. వెనక జరిగిన ఆ రాతపని మనకు పాఠం.

కాబట్టి మొదటి రెండు నెలలు తీర్పులు వద్దు. పనిచేసేవాళ్లతో కూర్చుని వినండి. ఎన్ని గంటలు, చేతికి ఎంత వస్తోంది, ఎందులో కోత పడుతోంది, జబ్బు చేస్తే ఆ రోజు జీతం ఉంటుందా లేదా, రాసుకోండి. వాళ్ల ముందు ఫోన్ తీసి ఫోటోలు దిగొద్దు. పేరు, ఊరు, యజమాని ఎవరో తెలిసే వివరం ఏదీ వాళ్ల అనుమతి లేకుండా గ్రూపులోకి పోకూడదు. ఉద్యోగం ఊడేది నీది కాదు, వాళ్లది. తర్వాత బేరీజు వేసే రోజున వాళ్లలో ఇద్దరిని కమిటీలో కూర్చోబెట్టు, అతిథులుగా కాదు, సభ్యులుగా. ఆ రోజు ఒక్క పేరా చాలు చదవడానికి. చివర్లో ఒక్క పని తీర్మానించండి, ఎవరు చేస్తారో, ఎప్పటిలోగానో రాయండి. తీర్మానాల పుస్తకం నిండింది, పని జరగలేదు అన్న కమిటీలు కావలసినన్ని ఉన్నాయి.

“ముందు మీ చర్చి సంగతి చూసుకోండి” అని తప్పకుండా ఎవరో అంటారు. దబాయించకు. పదిహేనో శతాబ్దంలో పోపుల పత్రాలను అడ్డం పెట్టుకుని వలస రాజ్యాలు ఆదివాసుల భూములు ఆక్రమించాయి. కనుక్కున్న భూమి కనుక్కున్నవాళ్లదే అన్న ఆ ‘ఆవిష్కరణ సిద్ధాంతం’ తనది కాదని వాటికన్ 2023 మార్చి 30న ప్రకటించింది, ఆ పత్రాలు ఆదివాసుల సమాన గౌరవాన్ని సరిగా ప్రతిబింబించలేదని ఒప్పుకుంది. పిల్లల మీద గురువులు చేసిన అత్యాచారాలు, వాటిని కప్పిపుచ్చిన మేత్రాణుల తీరు అందరికీ తెలిసినవే. “నిజమే” అను. ఆ తర్వాత మీ విచారణలో పిల్లల రక్షణ నియమాలు గోడ మీద ఉన్నాయా, ఫిర్యాదు ఎవరికి చేయాలో పిల్లలకు తెలుసా అన్నది వెళ్లి చూసిరా.

నీ చెల్లెలు అడిగిన ప్రశ్న, ఫోన్ కొన్నా, చౌక చొక్కా కొన్నా పాపమేనా అని. అంత టెన్షన్ పెట్టుకోవద్దను. ఇంకొకరి తప్పును తనూ కోరుకుని చేతులు కలపడం వేరు, దూరం నుంచి తెలిసో తెలియకో అందులో భాగం కావడం వేరు. శ్రీసభ నైతిక వేదాంతం ఈ రెంటినీ ఏనాడో విడదీసింది. తప్పుకు ఎంత దగ్గరగా ఉన్నాం, వేరే దారి ఉందా, మన అవసరం ఎంత అన్నవి చూడాలి. చేతనైనచోట మంచి సరుకు ఎంచుకోమను, లేనిచోట బెంగపడొద్దను.

వాతావరణానికి ఫ్రాన్సిస్ పోపుగారి విశ్వలేఖ ‘లౌదాతో సీ’ ఉంది, 2015 నాటిది. భూమి మొరనూ పేదల మొరనూ కలిపి వినమన్న 49వ పేరాతో మొదలుపెట్టు, గనుల్లో పనిచేసేవాళ్ల భవిష్యత్తును మరిచిపోకుండా. కృత్రిమ మేధకు తొందర లేదు. ఇప్పటి పోపుగారు లియో అన్న పేరు ఎందుకు పెట్టుకున్నారో 2025 మే 10న కార్డినల్స్‌కు తనే చెప్పారు. పాత లియో పారిశ్రామిక విప్లవం నాటి కార్మికుల గురించి మాట్లాడినట్టే, ఈ కొత్త విప్లవంలో మనిషి గౌరవాన్ని, న్యాయాన్ని, శ్రమను కాపాడడానికి శ్రీసభ తన బోధనను అందించాలన్నారు. కూలి గురించి మీవాళ్లకు స్పష్టత వస్తే ఆ చర్చ సగం తేలికవుతుంది.

చివరగా, మీ విచారణలో ఆ ఫ్యాక్టరీ యజమానిని పిలవాలా వద్దా అని అడిగావు. పిలువు. కానీ నలుగురి ముందు ముద్దాయిని చేయడానికైతే వద్దు. ముందు ఒక్కడివే వెళ్లి 2434వ పేరా ఆయనకు చూపించి, దీన్ని అమలు చేయాలంటే మీకు అడ్డం వచ్చేదేమిటని అడుగు. పోటీ ధరలంటాడు, ఆర్డర్లంటాడు, కొంత నిజమే చెబుతాడు. అదీ రాసుకో. నువ్వు వెళ్లేలోపు గుడి పద్దుల పుస్తకం విచారణ గురువుల దగ్గర అడిగి చూసి ఉండాలి సుమా, ఆయన అడిగే మొదటి ప్రశ్న దాని గురించే అవుతుంది. అందులో ఏమైనా తేడా కనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, ఆర్థిక సంఘంలో దాన్ని ఎలా ఎత్తాలో చెబుతాను.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ